డిగ్లీపూర్ గాలిలో చేతుల కుర్చీ

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో గాలి ఎప్పుడూ తేమగానే ఉంటుంది. ఈ దీవుల్లో సగటు సాపేక్ష ఆర్ద్రత 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మనిషికి అది ఉక్కపోత, చెక్కకు ఉబ్బు.

జపాన్, స్కాండినేవియా వడ్రంగాల కలయికగా పేరుపడ్డ చేతుల కుర్చీలకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ. జపాన్ డిజైనర్ నావోటో ఫుకసావా మరుని సంస్థ కోసం 2008లో రూపొందించిన ‘హిరోషిమా’ కుర్చీలో వీపు, చేతులు ఒకే వంపుగా కలిసిపోతాయి. డెన్మార్క్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లోనే ఇలాంటి వంపుతో కుర్చీ చేశాడు. ఆయనకు ప్రేరణ పాతకాలపు చైనా కుర్చీలు. తూర్పు పడమరల కలయిక నిన్నమొన్నటిది కాదు.

అందం సంగతి అలా ఉంచితే, కుర్చీ నిలిచేది అతుకుల మీద. గాలిలో ఆర్ద్రత 40 శాతం ఉంటే చెక్కలో తేమ సుమారు 8 శాతం. 80 శాతానికి చేరితే సుమారు 16. పీచు పొడవునా చెక్క దాదాపు మారదు. అడ్డంగా మాత్రం సాగుతుంది. పొడిచోట బిగించిన 40 సెంటీమీటర్ల వెడల్పు పలక డిగ్లీపూర్ చేరితే, చెక్క రకాన్ని బట్టి 8 మిల్లీమీటర్ల దాకా ఉబ్బవచ్చు. కదలడానికి చోటు లేకపోతే అతుకు విడుతుంది, లేదా పలకే వంగుతుంది. వెగ్నర్ ‘వై’ కుర్చీకి కూర్చునే చోట పలక ఉండదు. సుమారు 120 మీటర్ల కాగితపు తాడుతో అల్లుతారు. ఉబ్బే వెడల్పు పలకే అక్కడ లేదు.

జపాన్ వడ్రంగులది ఇంకో దారి. బెజ్జంలో దించబోయే కొసను సుత్తితో తట్టి పీచును కాస్త అణచివేస్తారు. దీన్ని ‘కిగోరోషి’ అంటారు. లోపలికి దిగాక తేమ తగిలి పీచు మళ్లీ ఉబ్బుతుంది, అతుకు బిగుసుకుంటుంది. తేమను శత్రువుగా చూడకుండా పనిలో పెట్టుకోవడం ఇది.

అండమాన్ రాష్ట్ర వృక్షం పడౌక్. మన రక్తచందనం, వేగిసలకు దగ్గర చుట్టం. మూడూ టెరోకార్పస్ ప్రజాతివే. ఎర్రటి, గట్టి కలప. 2002లో సుప్రీంకోర్టు ఆదేశాలు దీవుల సహజ అడవుల్లో నరుకుడును, బయటికి కలప తరలింపును కట్టడి చేశాయి. దొరికే ప్రతి పలకా ఇప్పుడు విలువైనదే. విదేశీ ఆకారాన్ని మాత్రం నకలు చేసి, కలపను అక్కడి లెక్కన 8 శాతానికి ఎండబెడితే ఆ పలక వృథా. డిగ్లీపూర్‌లో ఉండబోయే కుర్చీకి డిగ్లీపూర్ గాలే కొలత. పలకలను నీడలో, మధ్యన సందులు వదిలి పేర్చాలి. ఒక ముక్కను వారం వారం తూచాలి. బరువు మారడం ఆగాకే ఉలి పట్టాలి.