రుక్కా అట్టలో కవిత్వం

చార్మినార్‌కు దగ్గర్లోని ఛత్తా బజార్ పెళ్లి రుక్కాల, అంటే ఆహ్వాన పత్రికల, అచ్చుకు పేరుపడ్డ చోటు. ఏ ప్రెస్సులోనైనా రంగు కుదిరేదాకా మొదటి షీట్లు కొన్ని పాడవుతాయి, కటింగ్ మిషన్ దగ్గర ముక్కలు రాలతాయి, పాత శాంపిల్ కార్డులు మూలకు చేరతాయి. అదంతా కిలోల లెక్కన తుక్కు కొట్టుకు పోయే సరుకే. మందపాటి కార్డు, ఒకవైపు ఖాళీగా ఉన్న మంచి కాగితం అందులోనే ఉంటాయి. చిన్న కవితా పుస్తకానికి పాతబస్తీలో ఇంతకన్నా తగిన ముడిసరుకు లేదని నా నమ్మకం. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు పది కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. అందుకే కొత్త కవి అవసరానికి మించి అచ్చువేయించి, కట్టలు ఇంట్లో పేర్చుకుంటాడు. చేత్తో కుట్టే పుస్తకానికి ఆ బెడద లేదు. ముప్పైమంది అడిగితే ముప్పై చాలు.

చేసే తీరు కష్టమైనదేమీ కాదు. ఒకవైపు అచ్చయిన షీటును ఆ అచ్చు లోపలికి పోయేలా మడవాలి. మడత బయటి అంచుకు, విడి అంచులు కుట్టు వైపుకు వచ్చేలా పేర్చితే పాత అచ్చు కనబడదు. చైనా, జపాన్‌లలో శతాబ్దాల పాటు పుస్తకాలు ఇలాగే కుట్టారు. ఖాళీ ముఖాల మీద కవితలు జిరాక్స్ తీయవచ్చు, చేత్తో రాయవచ్చు. దబ్బనంతో నాలుగు చిల్లులు, మైనం పట్టించిన నూలుదారం, పైన రుక్కా కార్డు. ఉర్దూ పుస్తకానికి కుట్టు కుడివైపు, తెలుగు పుస్తకానికి ఎడమవైపు. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. అది విషం కాబట్టి పిల్లలతో చేయించేటప్పుడు మాత్రం కలపకూడదు.

తుక్కు కాగితం నాలుగు కాలాలు నిలుస్తుందా అని అడిగేవాళ్లుంటారు. మన చేతికాగితం పుట్టిందే పాత గుడ్డలు, గోనెలు, తాళ్లు నానబెట్టి దంచిన గుజ్జులోంచి. హైదరాబాద్ ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా 1799లో బ్రిటిష్ అధికారి జాన్ మాల్కమ్‌కు కానుకిచ్చిన దీవాన్ (కవితా సంకలనం) రాతప్రతి నేటికీ లండన్‌లో భద్రంగా ఉంది. మిల్లు కర్రగుజ్జు కాగితం ఇంకా రాని రోజులవి. మన్నికను తేల్చేది కాగితంలోని నార. న్యూస్‌ప్రింటులో కర్ర తాలూకు లిగ్నిన్ మిగిలి ఉంటుంది కనుక వెలుతురుకు పసుపెక్కి పెళుసవుతుంది. దాని మీద కవిత వేయకపోవడమే మంచిది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. రుక్కా మీద బిస్మిల్లా ఉంటుంది, శుభలేఖ మీద వినాయకుడుంటాడు. వాటిని కత్తిరించి అతికిస్తే చాలామంది మనసు నొచ్చుకుంటుంది. ఇది న్యాయమైన బాధ, సర్దిచెప్పి దాటవేయరాదు. ఆ భాగాన్ని ముందే వేరుచేసి, పవిత్ర కాగితాల విషయంలో ఆయా ఇళ్లవాళ్లు పాటించే పద్ధతిలోనే సాగనంపాలి. మిగిలిన పూలతీగలు, బంగారు అంచులు అట్టకు సరిపోతాయి.

ఇంత చేతిపని గిట్టుబాటవుతుందా? అర్జెంటీనాలో 2001 ఆర్థిక సంక్షోభం తర్వాత, 2003లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఎలోయీసా కార్తొనేరా అనే ప్రచురణ సంస్థ మొదలైంది. వీధుల్లో అట్టలు ఏరుకునేవాళ్ల దగ్గర బజారు ధరకన్నా ఎక్కువిచ్చి కొని, చేత్తో రంగులు వేసిన అట్టలతో సాహిత్యం ప్రచురించింది. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఆ బాట పట్టారు. ఇక్కడా తుక్కు ఏరేవాళ్లకు, కుట్టేవాళ్లకు న్యాయమైన ధర దక్కాలి. ఉర్దూ కంపోజింగ్ కంప్యూటర్‌కెక్కాక, చేతిరాతే వృత్తిగా గల కాతిబ్‌లకు పని తగ్గిపోయింది. అట్ట మీద పేరు వాళ్లచేత రాయించి, ఆ పారితోషికాన్ని పుస్తకం ధరలోనే కలపాలి.