నోటికొచ్చే నంబరు

అమెరికాలో ఫోన్‌లో పూలు తెప్పించుకోవాలంటే డైరీ తిరగేయనక్కర్లేదు. 1-800 కొట్టి, ఆ తర్వాత ‘ఫ్లవర్స్’ అన్న మాటను ఇంగ్లీషు స్పెల్లింగు ప్రకారం నొక్కితే చాలు. ఫోన్ మీద 2 నుంచి 9 వరకు ఒక్కో అంకె కింద మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఆ లెక్కన ఏడక్షరాల ‘ఫ్లవర్స్’ 356-9377 అవుతుంది. ఈ అక్షరాలు ఎస్సెమ్మెస్‌ల కోసం పుట్టినవి కావు. ఎక్స్ఛేంజి పేరులోని మొదటి రెండక్షరాలు తిప్పి, ఆపైన అంకెలు తిప్పే రోజుల్లోనే డయలు మీదికి ఎక్కాయి. న్యూయార్క్‌లోని హోటల్ పెన్సిల్వేనియా తన నంబరును ‘పెన్సిల్వేనియా 6-5000’ అని చెప్పుకొనేది, అంటే 736-5000. 1967లో ఏటీ అండ్ టీ కంపెనీ ఫోన్ చేసినవాళ్లకు ఖర్చు పడని 800 నంబర్లు తెచ్చాక, వ్యాపారులు ఆ పాత అక్షరాలను కొత్త పనికి వాడుకున్నారు.

దీనివల్ల లాభమేమిటంటే, జ్ఞాపకానికి బరువు తగ్గుతుంది. మనిషి ఒక్కసారిగా మనసులో పట్టుకోగలిగేది సుమారు ఏడు ముక్కలనీ, ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చనీ మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. ఏడంకెలంటే ఏడు ముక్కలు. తెలిసిన మాటైతే ఒకటే ముక్క. కారు నడుపుతూ రేడియోలో ప్రకటన విన్నవాడు కాగితం, కలం వెతుక్కోలేడు కాబట్టి ఈ తేడా అమ్మేవాడికి డబ్బుగా మారుతుంది. అలాగని నంబరు ఒక్కటే వ్యాపారం చేసిపెట్టదు. ఇదే ఫ్లవర్స్ నంబరు చేతిలో ఉన్న డాలస్ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. న్యూయార్క్‌లో పూలకొట్లు నడిపే జిమ్ మెక్‌కాన్ 1980లలో దాన్ని కొని, నంబరునే కంపెనీ పేరుగా పెట్టి నిలబెట్టాడు. పూలు వేళకు చేర్చగలిగినవాడికే ఆ నంబరు అక్కరకొచ్చింది.

మాటన్నాక స్పెల్లింగు తప్పదా అని ఎవరైనా అడగొచ్చు. తప్పుతుంది, ఖరీదుగానే తప్పుతుంది. 1990లలో ఏటీ అండ్ టీ ‘1-800-ఆపరేటర్’ అని ప్రచారం చేసింది. ఆ మాట చివర ‘ఓఆర్’ ఉండాల్సిన చోట ‘ఈఆర్’ అనుకునేవాళ్లు తక్కువేమీ కాదు. ఆ తప్పు స్పెల్లింగు నంబరు పోటీ కంపెనీ ఎంసీఐ చేతిలో ఉంది. ‘ఓ’ అంటే 6, ‘ఈ’ అంటే 3. ఆ ఒక్క మీట తేడాతో ఒకరి ప్రకటన ఖర్చుకు ఇంకొకరికి కాల్స్ వెళ్లాయి. హాలిడే ఇన్ హోటళ్ల నంబరు ‘1-800-హాలిడే’లో ‘ఓ’ బదులు సున్నా నొక్కేవాళ్ల కోసం ఇంకో సంస్థ ఆ తప్పు నంబరు తీసుకుంటే హాలిడే ఇన్ కోర్టుకెక్కింది. గందరగోళాన్ని ఆ సంస్థ పుట్టించలేదు, ఉన్నదాన్ని వాడుకుందంతే అని 1996లో అప్పీలు కోర్టు దాని పక్షానే తీర్పు చెప్పింది. కాబట్టి పదిమందీ ఒకేలా రాసే మాటనే ఎంచుకోవాలి, లేదా తప్పు నంబరును కూడా ముందే కొనిపెట్టుకోవాలి.

మన దగ్గర చిక్కు సరిగ్గా ఇక్కడే. తెలుగు మాటకు ఇంగ్లీషులో ఒక స్పెల్లింగంటూ లేదు. ‘పూలు’లోని మొదటి దీర్ఘానికి రెండు ‘ఓ’లు పెడితే 76658, ఒక్క ‘యు’ పెడితే 7858. అందుకే అక్షరాల నంబరును అరువు తెచ్చుకోవడం కంటే అంకెల్లోనే పొందిక వెతకడం మనకు మేలు. మనవాళ్లకు ఆ రుచి తెలియంది కాదు. బండి మీద 9999 వేయించుకోవడానికి రవాణా శాఖ వేలంలో లక్షలు పోసేవాళ్లున్నారు. అంతకంటే మంచి ఉదాహరణ 108. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ అంబులెన్సు సేవకు ఇప్పుడు నంబరే పేరు. ‘నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యండి’, ‘నూట ఎనిమిది వచ్చింది’ అంటాం. అష్టోత్తరాలు చదివే ఇళ్లలో అది ముందునుంచీ నోట్లో నానిన సంఖ్యే. చదువు రానివాళ్లు కూడా తడుముకోకుండా చెప్పగలరు.

నంబర్లన్నీ ఫోనే దాచుకునే ఈ రోజుల్లో ఇదంతా ఎందుకని అడగడంలో న్యాయముంది. యాప్‌లోంచే గిరాకీ వచ్చే వ్యాపారానికి ఫ్యాన్సీ నంబరు దండగే. కానీ దాచుకోవాలన్నా ముందు ఒకసారి వినాలి కదా. గూగుల్‌లో వెతికితే మీ పేరు పక్కనే పోటీదారుల ప్రకటనలూ కనిపిస్తాయి. నంబరు గుర్తున్నవాడు నేరుగా మీకే చేస్తాడు. ప్లంబరు, టాక్సీ, వాటర్ ట్యాంకర్, టిఫిన్ క్యారియర్ లాంటి, అవసరం పడ్డప్పుడే గుర్తొచ్చే పనులకు ఇది ఇప్పటికీ పెట్టుబడే. డబ్బు కట్టే ముందు ఆ నంబరును నలుగురికి ఒక్కసారి వినిపించి, గంట తర్వాత మళ్లీ అడగండి. తడుముకోకుండా చెప్పగలిగితేనే కొనండి.