నిండుకొనక మునుపే



మన యిండ్లలో బియ్యము లేవనుట అశుభము, ‘నిండుకొన్నవి’ అందుము. ఇల్లాలు ఆ మాట యనవలసిన దినము రాకమునుపే, డబ్బా యడుగు కానవచ్చుచుండగనే, సంతకు పోవువారితో చెప్పి పంపును. ఉప్పునకును పప్పునకును ఉన్న యీ ముందుచూపు, నిత్యము మింగవలసిన మాత్రల విషయమున మనకు లేదు. దానిని గూర్చియే నేటి నా ప్రసంగము.

పరులను తప్పుపట్టుటకు ముందు నా తప్పు చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట ఒక వానకాలమున నా రక్తపుపోటు మాత్రలు అయిపోయినవి. వాగు పొంగి దారి తెగినది. తలనొప్పి లేదు, కన్నులు తిరుగుట లేదు. కావున స్వస్థుడనే యని తలంచి, వాగు తీసిన పిదపను పదిదినములు ఊరకుంటిని. జీవితమంతయు పిల్లలను మందలించిన నన్ను ఆనాడు వైద్యుడు మందలించెను. ఆ యేటనే, నావలెనే మందు మానిన నా యీడు మిత్రునకు పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయినది. రక్తపుపోటు చప్పుడు చేయక వచ్చు దొంగ. బాధ లేకుండుట మందు పనిచేయుచున్నదనుటకు గాని, మందు అక్కరలేదనుటకు గాని గుర్తు కాదు.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడి, పాడేరు ముఖ్యపట్టణమైనది. జి.మాడుగుల వారికి జిల్లా కార్యాలయములు దగ్గరైనవి. కాని వాగులును ఘాటీదారులును ఉన్నచోటనే యున్నవి. కావున లెక్క మనమే చూచుకొనవలెను. దినమునకొక మాత్ర యైనచో ఏడు మిగిలినప్పుడు, రెండైనచో పదునాలుగు మిగిలినప్పుడు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు బయలుదేరుడు. ఆశా కార్యకర్తకు ముందుగా చెప్పియుంచుడు. వానలకు మునుపే ఎక్కువ దినములకు మందు ఇయ్యవీలగునేమో వైద్యుని అడుగుడు. మందులచీటిని, ఖాళీ అట్టను వెంట గొనిపొండు. మాత్ర రంగు మారినచో భయపడి పారవేయకుడు. పేరు అడిగి సరిచూచుకొనుడు. మరచిన మాత్రను మరునాటిదానితో కలిపి రెండుగా మింగరాదు. మూర్ఛరోగి మందు హఠాత్తుగా మానినచో మూర్ఛలు తిరుగబెట్టును. పొయ్యిపైనున్న అటక మందులకు చోటు కాదు. వేడియు ఆవిరియు వానిని చెరచును.

ఇక వంట సంగతి. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు లోబడియే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. బడిలెక్కగా చూతము: నలుగురు పెద్దలున్న యింట దినమునకు 20 గ్రాములు, కిలో ఉప్పు కనీసము 50 దినములు రావలెను. మీ యింట ఎన్ని దినములకు వచ్చుచున్నదో చూడుడు. అంబలిలో నంజుకొను ఎండుచేప, ఊరగాయ, వీనిలోని ఉప్పు దీనికి తోడగును. ఎండుచేపను కడిగి నానబెట్టి, ఆ నీరు పారబోసి వండుడు.

చోళ్లు మన కొండల పెన్నిధి. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. బియ్యమున సుమారు 10 మాత్రమే. అట్లని మధుమేహి చెంబులకొలది అంబలి త్రాగరాదు. చోడిపిండియు చక్కెరను పెంచును. కొలతతో త్రాగి, రాజ్మా, కందిపప్పు, ఆకుకూర చేర్చుకొనవలెను. మధుమేహపు మాత్ర మింగి భోజనము మానుట మరియు ప్రమాదము: చెమట, వణుకు పుట్టినచో, తెలివియుండగనే బెల్లమో చక్కెరయో నోటవేసి, వెంటనే అన్నము పెట్టుడు. గర్భిణులు ఇనుపధాతు మాత్రలను కాఫీతోను తేనీటితోను మింగరాదు. అవి యినుమును ఒంటబట్టనీయవు. గంటసేపు ఎడముంచి, నిమ్మరసము కలిపిన నీటితో మింగుట మేలు.

ఉప్పు తగ్గించితిమి గదా యని మాత్ర మానుటయు, మాత్ర మింగుచున్నాము గదా యని ఊరగాయ జాడీ ముందుంచుకొనుటయు రెండును తప్పే. వంటయిల్లును మందులడబ్బాయు బండికి రెండు చక్రములు.

పెద్దలారా! ఈ రాత్రి భోజనమైన పిమ్మట మీ మాత్రలను దీపము వెలుగున లెక్కించుడు. మనుమనిచే లెక్కింపించినచో మరియు మంచిది. వానికి అంకెలు వచ్చును, మీకు ఆయువు నిలుచును. ఇంట ఏది నిండుకొన్నను ఇరుగుపొరుగున బదులు దొరకును; మందు మాత్రము బదులు తెచ్చుకొనునది కాదు.

సెలవు.