క్రిస్మసు పండుగయు, సీమబిడ్డల నవ్వుల పత్రికలును

మన పూర్వులు నవరసములలో హాస్యమునకును స్థానమిచ్చిరి. చిన్నికృష్ణుని వెన్నదొంగతనములను భాగవతమున వినునపుడు తల నెరసిన పెద్దలు సైతము పసివారివలె నవ్వుదురు. బిడ్డల యల్లరిని జూచి నవ్వుటయు, ఆ నవ్వును పదికాలములు మనసున దాచుకొనుటయు అన్ని దేశములవారికిని సహజమే. ఇంగ్లాండు, స్కాట్లాండు దేశములలో నేడు అరువది డెబ్బది యేండ్లు నిండినవారు డిసెంబరు నెల రాగానే తమ చిన్ననాటి నవ్వుల పత్రికలను దలచుకొని బెంగగొనుచుందురు. కొన్ని పెన్నీలకు దొరకిన ఆ పలుచని కాగితములపై ఇంత మమకారమేల? ఈ సంగతినే సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

ఆ పత్రికలలో ఒక్కొక్క పుటను చిన్నచిన్న గదులుగా విభజించి, ప్రతి గదియందును ఒక బొమ్మ వేయుదురు. బొమ్మలోని వారి మాటలు వారి నోటి యెదుట బుడగవంటి గీతలో నుండును. అక్షరములు నేర్చుచున్న బిడ్డయైనను బొమ్మ వెంబడి బొమ్మ చూచుచు కథను గ్రహింపగలదు. 1890వ సంవత్సరమున లండనునందు హార్మ్స్‌వర్తు అను పత్రికాధిపతి 'కామిక్ కట్స్' అను వారపత్రికను అర పెన్నీకి అమ్మెను. పిమ్మట స్కాట్లాండులోని డండీ నగరమున డి.సి. థామ్సన్ సంస్థవారు 1937 డిసెంబరులో 'డ్యాండీ'ని, 1938 జూలైలో 'బీనో'ను ప్రారంభించిరి. రెండింటి వెలయు రెండేసి పెన్నీలు. నేటి పెద్దలు తలచుకొనునవి ముఖ్యముగా ఈ రెండును, వీని తోబుట్టువులైన మరికొన్నియును.

క్రిస్మసు వారమున వెలువడు సంచిక మన పత్రికల దీపావళి ప్రత్యేకసంచికవంటిది. పత్రిక పేరునందలి అక్షరములపై తెల్లని మంచు పేరుకొని యున్నట్లు గీయుదురు. పుటల మూలలయందు హాలీ ఆకులును ఎఱ్ఱని పండ్లును నుండును. ఏడాది పొడుగునను తన్నులాడుకొను పాత్రలు ఆ వారమున ఒకరికొకరు కానుక లిచ్చుకొందురు. కానుకలోపల గూడ నేదో కొంటెతన ముండక మానదు. ఇదిగాక గట్టి యట్టల వార్షికసంచిక వేఱుగ గలదు. డ్యాండీ వార్షికసంచిక 1938వ సంవత్సరమునను, బీనోది 1939వ సంవత్సరమునను మొదటిసారి వచ్చినవి. పండుగనాటి వేకువను కన్ను తెఱచిన బిడ్డకు మంచముచెంత వ్రేలాడదీసిన మేజోటి ప్రక్కను ఆ పుస్తకము కనబడవలెను. కనబడనిచో పండుగ వచ్చినట్లే కాదు.

ఇందొక చిత్రమును చెప్పవలెను. ఈ పత్రికలు పుట్టిన స్కాట్లాండునందు క్రిస్మసు బహుకాలము సెలవుదినమే కాదు. అచ్చటి మతపెద్దలు పూర్వము ఆ పండుగను నిరసించినందున జనులు నూతన సంవత్సరమునే వేడుకగా జరుపుకొనెడివారు. 1958వ సంవత్సరమునగాని స్కాట్లాండులో క్రిస్మసునాడు సెలవు లభింపలేదు. పండుగదినమున సయితము పనికి పోవలసిన యూరినుండియే దేశమందలి బిడ్డలందఱికిని పండుగనవ్వులు మూటగట్టి పంపబడుచుండెను! ఇతరుల యిండ్లకు పిండివంటలు చేసి పంపుచు తన యింట గంజి త్రాగు ఇల్లాలివలె నున్నది గదా.

ఆ కథల ముగింపు తఱచుగా భోజనమే. మెదిపిన బంగాళాదుంపలను కొండవలె పోసి, అందు సాసేజీలు గ్రుచ్చి యుంచిన పళ్లెము కడపటి బొమ్మలో నగుపడును. డెస్పరేట్ డాన్ అను మహాబలశాలి భుజించు వంటకమున నైతే పశువు కొమ్ములే పైకి పొడుచుకొని యుండును. అది మన యింట నోరు విప్పి చెప్పుకొనదగిన వంటకము కాదు. కాని ఆ బొమ్మలను ఆ బిడ్డలు ఏ కాలమున చూచిరో యెఱిగినచో మన మనస్సు కరగును. 1940వ సంవత్సరమున యుద్ధము మూలమున అచ్చట ఆహారమునకు రేషను మొదలయ్యెను. 1942లో మిఠాయిలకును రేషను వచ్చి, 1953 ఫిబ్రవరి వఱకు నిలిచెను. మాంసముపై కట్టుబాటు 1954 జూలైలోగాని తొలగలేదు. ఆ నడుమ పుట్టిన బిడ్డ యొకతె తనివితీర మిఠాయి తినుట యెట్లుండునో యెఱుగకయే పదేండ్లది యయ్యెను. ఆ బిడ్డకు కాగితముపై గీచిన కొండంత పళ్లెము వట్టి వేళాకోళము కాదు, అదియే విందు. తల్లి వడ్డింపలేని దానిని చిత్రకారుడు వడ్డించెను.

కాగితమునకును కఱవే. 1941 మొదలు 1949 వఱకు డ్యాండీయు బీనోయు ఒక వారము ఒకటి, మఱుసటి వారము వేఱొకటిగా వెలువడినవి. పాతకాగితములను ప్రోగుచేసి దేశమున కిండని ఆ పత్రికలే బిడ్డలకు బోధించినవి. బిడ్డలు విధేయులై తమ పత్రికలనే ఇచ్చివేసిరి. నేడు తొలి సంచికలు మిక్కిలి యరుదగుటకు ఇదియు నొక హేతువు. రెండు పెన్నీల డ్యాండీ మొదటి సంచిక యొకటి, దానితో ఉచితముగా నిచ్చిన యీలతో గూడ, 2004వ సంవత్సరమున 20 వేల పౌండ్లకు పైగా పలికెను.

యుద్ధము ముగిసిన పిదప ఆ పత్రికలకు మంచికాలము వచ్చెను. 1950వ సంవత్సరమున ఒక్కొక్కటి వారమునకు ఇంచుమించు 20 లక్షల ప్రతులు చెల్లినవి. 1951లో డెనిస్ అను అల్లరిబాలుడును, 1953లో మిన్నీ అను బాలికయు, 1954లో బాష్ స్ట్రీటు బడిపిల్లలును బీనో పుటలలో ప్రవేశించిరి. మిన్నీ సంగతి మనము గమనింపదగినది. అణగియుండుటయే ఆడుబిడ్డకు శోభ యని యెల్లరును జెప్పు కాలమున, ఎఱ్ఱని జుట్టుతో, వంకరచిఱునవ్వుతో ఆ పిల్ల మగపిల్లలను తఱిమి కొట్టెడిది. ఆమెను జూచి నవ్విన బాలికలకు కొంత ధైర్యము గూడ గలిగియుండునని మేము తలంచుచున్నాము.

'సండే పోస్టు' అను వారపత్రికలో 1936 నుండి వచ్చుచున్న 'బ్రూన్స్' కుటుంబమును జూచినచో మన సమష్టికుటుంబమే స్మరణకు వచ్చును. తాత, తల్లిదండ్రులు, ఎనమండుగురు బిడ్డలు, వెరసి పదునొకండుగురు గల కుటుంబము. అందఱి మాటలును స్కాట్లాండు యాసలోనే. ఆ గృహిణి కొంగు బిగించి యందఱిని నడుపుచుండును.

వీనిని గీచిన చేతులను గూర్చి యొకమాట చెప్పకున్న న్యాయము కాదు. ఆ సంస్థలో పూర్వము చిత్రకారులు బొమ్మక్రింద పేరు వ్రాసికొను వాడుక లేకుండెను. బ్రూన్స్ కుటుంబమును, డెస్పరేట్ డానును గీచిన డడ్లీ వాట్కిన్సు అను మహనీయునికి ఆ గౌరవము కొంత దక్కినది. ఆయన 1969లో మరణించెను. మిన్నీని గీచిన లియో బాక్సెండేలు తన పాత్రలపై హక్కునకై పెక్కేండ్లు వ్యాజ్యమాడగా 1987లో రాజీ కుదిరెను. లక్షలకొలది బిడ్డలు నవ్వుచుండ, నవ్వించినవాని పేరు ఒక్కరికిని దెలియదు! వంటయింట దినమును గడుపు మన సోదరీమణులకు ఈ బాధను విడమరచి చెప్పనక్కఱలేదు.

కాలము మాఱినది. డ్యాండీ తన 75వ జన్మదినమున, 2012 డిసెంబరు 4వ తేదీని, అచ్చు చాలించెను. బీనో మాత్రము నేటికిని వారము వారము వచ్చుచున్నది. పాతకథల తుదిని తండ్రి చెప్పుతో కొట్టుటయు, ఉపాధ్యాయుడు బెత్తము ఝళిపించుటయు ఇపుడు లేవు. బడిపంతులుగారి యిల్లాలమైన మేము దానికి సంతసింతుమే కాని చింతింపము. ప్రాతదంతయు మంచిదని పట్టుపట్టుట వివేకము కాదు. ఆ పెద్దలు బెంగగొనునది బెత్తమునకు గాదు. చలిగాలి వీచు దినమున, కలిమి లేని యింట, అన్నయు చెల్లెలును ఒకే పుస్తకముపై తలలు వంచి పకపక నవ్వుచుండగా తల్లి వంటచేయుచు ఆ నవ్వు నాలకించిన యా ఘడియకు. అందుచేతనే తాతలు నేటికిని మనుమలకు వార్షికసంచికను కొని యిచ్చుచుందురు.

సోదరీమణులారా! బొమ్మలకథ చదువుచున్న బిడ్డను జూచి 'పాఠము మాని యీ పిచ్చికాగితము లేల?' యని గద్దించుట మనలో వాడుక. పాఠమునకు వేళ యుండవలసినదే. అయినను నవ్వునకును వేళ యుండనిండు. వీలైనపుడు ప్రక్కను గూర్చుండి, మీరును ఆ పుట చదువుడు. ఇంట కొఱత యున్న దినములలో అది మఱింత యవసరము. మనము పెట్టిన పిండివంటలను బిడ్డలు మఱవవచ్చును. మనతో గలసి నవ్విన నవ్వును మఱవరు.