నిజాంసాగర్ కడుపులో ఎన్ని ట్రాక్టర్ల మట్టి?

బోధన్ నుంచి సాలూర మీదుగా మహారాష్ట్రకు పోయే బస్సు మంజీర వంతెన ఎక్కగానే కిటికీ పక్కన ఎవరో ఒకరు అంటారు: "ఇంత ఇసుక యాడికెల్లి వస్తదో!" అడగాల్సిన ప్రశ్నే. కానీ వరదల్లో ఈ నది మోసే సరుకులో ఇసుక కొంతే. అసలు సరుకు కంటికి ఆనని మెత్తటి మట్టి. అది నీళ్ళలో కలిసిపోయి వస్తుంది, నీళ్ళు ఆగినచోట చప్పుడు లేకుండా దిగిపోతుంది. నిజామాబాద్ ప్రాంతానికి రికార్డులు తెచ్చిపెట్టింది ఈ మట్టే.

అంచనా తప్పడంలో మొదటి వరుస

1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయినప్పుడు అందులో పట్టే నీరు 29.7 టీఎంసీలు. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. జలాశయంలో ఏటా 530 ఎకరం-అడుగుల పూడిక చేరవచ్చని లెక్క వేసుకున్నారు. అంటే 530 ఎకరాల్లో అడుగు మందాన పరిచినంత మట్టి. తర్వాత కొలిచి చూస్తే తేలింది ఏటా 8,725 ఎకరం-అడుగులు! అనుకున్నదానికి పదహారు రెట్ల పైమాట. ఇలా లెక్క తప్పిన పెద్ద జలాశయాలు దేశంలో ఇంకా ఉన్నాయి. భాక్రాలో ఒకటిన్నర రెట్లు, తుంగభద్రలో నాలుగు రెట్లు, మైథాన్‌లో తొమ్మిది రెట్లకు కాస్త తక్కువ. మన నిజాంసాగర్ ముందు అవన్నీ చిన్నబోతాయి.

ఈ లెక్క ట్రాక్టర్ల భాషలో చెప్పుకుందాం. ఒక ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే, 8,725 ఎకరం-అడుగులంటే ఏడాదికి దాదాపు 36 లక్షల ట్రిప్పులు. సెలవు లేకుండా రోజుకు పదివేల ట్రాక్టర్లు వచ్చి చెరువులో మట్టి గుమ్మరించి పోయినట్టు. ఆ పని చేసింది ఒక్క మంజీర. అదీ ఏడాదంతా కాదు, వానకాలంలో వచ్చే నాలుగైదు పెద్ద వరదల్లోనే చాలా వరకు.

అంత మట్టి ఎక్కడిదంటే, ఎగువన బీడ్, లాతూరు, బీదర్ నల్లరేగడి. మంజీర పుట్టింది బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో. అక్కడి నుంచి ఆగ్నేయంగా వచ్చి, సంగారెడ్డి, మెదక్ ప్రాంతంలో ఉత్తరానికి తిరిగి, మొత్తం 724 కిలోమీటర్లు నడుస్తుంది. ఎండాకాలంలో రేగడి నెర్రెలు బారి పైపొర పొడిపొడి అయి ఉంటుంది. ఆ పొడిని మొదటి పెద్ద వాన ఊడ్చుకొస్తుంది. అందుకే వరదలో నీరు ఎక్కువగా ఉన్న రోజుకంటే, నీరు పెరుగుతున్న రోజే బురద చిక్కగా ఉంటుంది. కొత్తనీళ్ళ రంగు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

1970ల నాటికి నిజాంసాగర్ సామర్థ్యం 12 టీఎంసీలలోపుకు పడిపోయింది. పూడిక తీయడం అయ్యే పని కాదు. నీటిమట్టాన్ని 1,405 అడుగులకు పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చుకున్నారు. అడుగు నిండితే అంచు పెంచుకోవడమన్నమాట. తర్వాత పైన సింగూరు ఆనకట్ట కట్టారు కాబట్టి, ఇప్పుడు మొదటి ముద్ద అది తింటోంది.

పోచంపాడు అడుగున ఇంకో నిజాంసాగర్

గోదావరి మీద పోచంపాడు దగ్గర, 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్‌ది అసలు సామర్థ్యం 112 టీఎంసీలు. గత దశాబ్దపు సర్వే ప్రకారం 80.5. పోయింది 31.5. అంటే కొత్తలో నిజాంసాగర్‌లో నిండుగా పట్టిన నీటికన్నా ఎక్కువ చోటును గోదావరి మట్టి ఆక్రమించింది.

పది సెకన్లు, మూడు రోజులు

నిలిచిన నీళ్ళలో మిల్లీమీటరు ఇసుక రేణువు మీటరు లోతు దిగడానికి పది సెకన్లు కూడా పట్టదు. అందులో యాభయ్యో వంతు ఉన్న ఒండ్రు రేణువుకు ముప్పావుగంట. ఇక రేగడి బంకమట్టి రేణువుకు మూడు రోజులు! జలాశయం ఎగువ కొసన ఇసుక, ఆనకట్ట దగ్గర బురద చేరడానికి కారణం ఈ తేడానే. శ్రీరాంసాగర్ నిండినప్పుడు వెనుకనీరు, మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి దాకా తన్నుతుంది. పరుగెత్తుకొచ్చిన నీళ్ళు అక్కడ నెమ్మదిస్తాయి, ఇసుకను దించేస్తాయి, బురదను మాత్రం ముందుకు మోసుకుపోతాయి.

మూడు రోజులు ఆగలేకనే మన ఇళ్ళలో కొత్తనీళ్ళ కుండలో చిల్లగింజ అరగదీసేవాళ్ళు. ఒంటరిగా తేలే రేణువులు దానితో జట్టుకట్టి, బరువెక్కి అడుక్కు పోతాయి. చెరకు రసానికి చేసేదీ ఇదే వైద్యం. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొంది, 2015 డిసెంబరులో మూతపడిన బోధన్ నిజాం షుగర్స్ లాంటి ఫ్యాక్టరీల్లో పిండిన రసాన్ని కాచి, సున్నం కలిపి, పెద్ద తొట్టెల్లో కదలకుండా ఉంచుతారు. మడ్డి అడుక్కు, తేట పైకి. నిజాంసాగర్ నీటితో పెరిగిన చెరకు రసం తేరడమూ, ఆ సాగర్‌లోనే నీళ్ళు తేరడమూ ఒకే సూత్రం. ఒక తేడా ఉంది. ఫ్యాక్టరీ మడ్డిని పొలానికి ఎరువుగా తోలుతారు, సాగర్ మడ్డిని తోలే నాథుడు లేడు.

చిన్న చెరువుల దగ్గర మాత్రం ఆ దారి తెరుచుకుంది. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం 2015 మార్చి 12న మొదలైంది మన సదాశివనగర్ పాతచెరువు దగ్గరే. పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లు పెట్టి మరీ పొలాలకు తోలుకున్నారు.

కదిలించడం కష్టం, ఆపడమూ కష్టం

సన్న ఇసుకను దొర్లించడానికి సెకనుకు ఓ జానెడు దూరం నడిచే నీరు చాలు. దానికంటే ఎన్నో రెట్లు చిన్నదైన బంకమట్టి ఒకసారి అడుగున అంటుకుందంటే ఆ ప్రవాహానికి లేవదు, అంతకు ఎన్నో రెట్లు వేగం కావాలి. లేచిందా, నీళ్ళు పారుతున్నంతసేపు మళ్ళీ దిగదు. ఇంత మొండిది నదిలో ఇంకోటి లేదు.

రాళ్ళ సంగతి వేరు. ప్రవాహ వేగం రెట్టింపైతే నీరు దొర్లించగల రాయి బరువు రెండింతలు కాదు, 64 ఇంతలు అవుతుంది. నిన్నటిదాకా పిల్లలు దాటిన వాగు ఒక్క రాత్రిలో బండలు దొర్లించేది ఇందుకే. 2025 ఆగస్టు ఆఖరులో కామారెడ్డి జిల్లాలో కుంభవృష్టి కురిసినప్పుడు వాగులు గట్లు తెంచుకుని వరిపొలాల మీద పడ్డాయి. పొలంలో పరుచుకోగానే నీటికి వేగం పోయింది, మోసుకొచ్చినదంతా అక్కడే వదిలింది. పంట మునిగితే మళ్ళీ వేసుకోవచ్చు. ఇసుక మేట వేసిన మడిని మళ్ళీ మడి చేసుకోవడానికి జేసీబీ కావాలి.

కొసరుగా

ప్రపంచంలో బురద మహారాజు చైనా పసుపునది. ఒకప్పుడు ఏటా 160 కోట్ల టన్నుల ఒండ్రు మోసింది. 1977లో ఒక వరదలో ఘనపు మీటరు నీటిలో 900 కిలోలకు పైగా మట్టి తేలింది. అది నీళ్ళా, పిండా అనిపిస్తుంది. మన గోదావరి కథ తిరగబడింది. 1970లలో ఏటా 15 కోట్ల టన్నులు కిందికి మోసిన నది, 1990లలో ఆరు కోట్లకన్నా తక్కువ మోసింది. మిగతాదాంట్లో చాలాభాగం పైన ఆనకట్టల వెనక ఆగింది. అక్కడ మట్టి ఎక్కువై బాధ, అటు డెల్టా తీరంలో మట్టి అందక సముద్రం కోసేస్తున్న బాధ.

వరద తీసిన తర్వాత కందకుర్తి వెళ్ళండి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసేచోట, వరదల్లో మునిగే పాత శివాలయం మళ్ళీ బయటపడి ఉంటుంది. ఇసుక మీద పలచటి బురద పొర ఎండి, పెంకులుగా చిట్లి, అంచులు అప్పడంలా పైకి లేచి ఉంటాయి. ఒక పెంకు తీసి చూడండి. పైవైపు నున్నగా, కిందివైపు గరుగ్గా ఉంటుంది. ముందు ఇసుక దిగింది, ఆఖర్న బురద దిగింది. మోకాలి లోతు చెలిమె తవ్వితే గోడ మీద ఈ జత మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: ఇసుక, బురద, ఇసుక, బురద. ఒక్కో జత దాదాపు ఒక్కో వరద. నేను ఆరు దాకా లెక్కపెట్టాను. ఏడోది దొరికేలోపు అడుగున నీళ్ళూరాయి.