సోమవారం సరుకు బండి... శనివారం కారవాన్!

కారవాన్ అంటే ఏమిటో ఔట్‌డోర్ షూటింగ్ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఏసీ, సోఫా, అద్దం చుట్టూ బల్బులు... షాటుకీ షాటుకీ మధ్య హీరోగారు అందులోకి మాయమైపోతుంటారు. కానీ తెలుగువాళ్ళు ఎప్పటికీ మర్చిపోలేని బండి వేరే వుంది. 1982లో ఎన్.టి.రామారావుగారు తెలుగుదేశం పెట్టి జనంలోకి బయల్దేరినప్పుడు ఎక్కింది ఒక పాత షెవ్రోలే వ్యాను! దాన్నే ఊళ్ళు తిరగడానికి వీలుగా మార్పించి 'చైతన్యరథం' అన్నారు. స్టీరింగు దగ్గర కొడుకు హరికృష్ణ. పైకెక్కితే ప్రసంగం, లోపలికి దిగితే నిద్ర, స్నానమేమో రోడ్డు పక్కనే. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయం మనకెందుకు గానీ, బండినే ఇల్లు చేసుకుని రాష్ట్రం చుట్టెయ్యొచ్చని అప్పుడు జనం కళ్ళారా చూశారు.

ఇప్పుడు నేను చెప్పబోయే రథం అంత ఘనమైనది కాదు. ప్రొద్దుటూరు మిత్రుడొకడి బొలేరో పికప్పు. వారమంతా పులివెందుల వైపు నుంచి అరటిగెలలు, చీనీకాయలు మోస్తుంది. దాని మీద అప్పుంది. నెల తిరిగేసరికి కంతు కట్టాలి. మావాడికేమో గండికోటలో బండిలోనే పడుకోవాలని పిచ్చి కోరిక! శని, ఆదివారాలు షికారు సరే, సోమవారం తెల్లారేసరికి లోడు ఎత్తకపోతే కంతు ఎవరు కడతారు?

కథకి ముడి ఇక్కడే పడింది. ముడి విప్పింది ప్రొద్దుటూరులో బాడీలు కట్టే మేస్త్రీ.

మావాడు సెల్‌ఫోనులో విదేశాల బళ్ళు చూపించాడు. ఇనుప గది, పైన టెంటు, పక్కన వంటిల్లు. మేస్త్రీ బీడీ ఆర్పి, "ఇదంతా వెల్డింగు చేస్తే అరటికాయలు యాడ పెడతావబ్బీ, నీ నెత్తిన్నా?" అన్నాడు. అంతే, ఒక్క డైలాగుతో సీను మారిపోయింది.

ఆయన చెప్పని ఇంకో చిక్కూ వుంది. బండి తయారైన తీరుని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. అది 52వ సెక్షను. కంపెనీ ఇచ్చిన కొలతలకి విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అందుకే మేము బండికి ఒక్క కన్నం కూడా వెయ్యలేదు. చేసిందల్లా ఎక్కించి తాళ్ళతో బిగించేదీ, దించేసేదీ!

తొట్టి అడుగున నాలుగు చెక్కపెట్టెలు. వాటి మీద ప్లైవుడ్డు, దాని మీద పరుపు. పెట్టెల్లో స్టవ్వు, గిన్నెలు, దుప్పట్లు. నీళ్ళు 40 లీటర్లు, అంటే 40 కిలోలు. ఆ డబ్బాల్నీ బ్యాటరీనీ క్యాబిన్ గోడకి ఆనించి కింద పెట్టించాడు మేస్త్రీ. బరువు వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు మాట వినదు. పైన ఎత్తుగా పెడితే మలుపులో బండి ఊగుతుంది. ఖాళీ పికప్పు ఎందుకు ఎగిరెగిరి పడుతుందో తెలుసా? వెనక వుండే ఆకుల స్ప్రింగులు టన్ను బరువుకి లెక్కేసి చేసినవి. కుదుపు తగ్గడానికి ఒక ఆకు తీసేయిద్దామన్నాడు మావాడు. "సోమవారం లోడు మోసేది ఆ ఆకే సామీ" అని మేస్త్రీ మళ్ళీ అడ్డుపడ్డాడు.

కరెంటుకి బండి బ్యాటరీని ముట్టుకోలేదు. అది దిగిపోతే తెల్లారి తోసుకోవడమే! విడిగా 60 ఆంపియర్-అవర్ల 12 వోల్టుల బ్యాటరీ. ఫ్యానుకి 20 వాట్లు, రెండు దీపాలకి 10. పది గంటలకి 300 వాట్-అవర్లు, అంటే 25 ఆంపియర్-అవర్లు. సగం కూడా ఖర్చు కాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే జిల్లాలో ఆ ఫ్యానే మా హీరోయిన్.

శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. క్యాబిన్లో ఇద్దరమే. తక్కిన మిత్రబృందం వెనకాల పరుపు మీద కూర్చుని వస్తామంటే మావాడు ససేమిరా అన్నాడు. సరుకు తొట్టిలో మనుషుల్ని ఎక్కిస్తే తప్పు, ప్రమాదం కూడా. వాళ్ళు బస్సులో వచ్చారు.

జమ్మలమడుగు దాటాక ఎర్రమల కొండల్లోకి దారి ఎక్కుతుంది. గండికోట దగ్గర పెన్నా కొండని నిలువునా కోసేసిన చోటు చూస్తే నోట మాట రాదు! 2023లో శంకర్, కమల్‌హాసన్‌ల 'భారతీయుడు 2' షూటింగ్ ఇక్కడా జరిగింది. మేము లోయ అంచుకి దూరంగా, కోట బయట చదునైన చోట ఆపాం. చక్రాల కింద పెట్టడానికి చెక్క ముక్కలు మోసుకురాలేదు. నాపరాళ్ళకి కరువా కడపలో! వంట బయటే. మూసిన టార్పాలిన్ లోపల స్టవ్వు వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడు చేరుతుంది. దానికి వాసన వుండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే పడుకునేటప్పుడు టార్పాలిన్ రెండు చివరలా తెరిచే వుంచాం. రాత్రంతా గాలి ధారాళం. తెల్లారి మసీదు మీనార్ల వెనక వెలుగు పడుతుంటే పరుపు మీంచి లేవకుండానే చూశాను. ఏ స్టార్ హోటలు కిటికీ ఇస్తుంది ఆ దృశ్యం?

ఆదివారం ముద్దనూరు మీదుగా పులివెందుల. హాస్యనటుడు పద్మనాభం పుట్టిన సింహాద్రిపురం ఆ పక్కదే. దర్శకుడు బి.ఎన్.రెడ్డిగారిదీ పులివెందుల తాలూకాయే. టిఫినుకి ఉగ్గాని, బజ్జీ. ఆ తర్వాత పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరు గట్టున సాయంత్రం దాకా కూర్చున్నాం.

సోమవారం నాలుగింటికే నన్ను తట్టి లేపాడు మావాడు. "దిగన్నా, మంచం విప్పాల!" తాళ్ళు విప్పి, పెట్టెలు దించి, తొట్టి ఊడ్చేసరికి ముప్పావు గంట. పెట్టెలూ, పరుపూ తెలిసినవాళ్ళ తోట షెడ్డులో పెట్టాం. ఆరుకల్లా అరటిగెలలు ఎక్కుతున్నాయి.

నన్ను బస్టాండులో దింపుతూ, "మళ్ళీ శనివారం అహోబిలం పోదామన్నా?" అన్నాడు. ఖర్చెంతయిందని అడిగాను. "పెట్టెలకీ, పరుపుకీ, బ్యాటరీకీ కలిపి ఒక కంతంత కూడా కాలేదు" అని గేరు మార్చాడు.