కొచ్చిన్ యూదుల క్షీణత: వలసకు ముందున్న విభజన

కేరళ యూదుల చరిత్ర 1950వ దశకపు ఇజ్రాయెల్ వలసతో ముగిసిందని సాధారణంగా చెబుతారు. ఈ వివరణ సత్యమే గాని అసంపూర్ణం. వలసకు చాలా ముందే ఆ సమాజం లోలోపల చీలిపోయి ఉంది.

ఈ సమాజానికి లభిస్తున్న ప్రధాన ఆధారం క్రీ.శ. 1000 ప్రాంతపు తామ్రశాసనం. చేర పాలకుడు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్‌కు పగటి దీపం, గొడుగు, కాహళం మొదలైన 72 గౌరవాలను వంశపారంపర్యంగా ప్రసాదించాడు. వాటిలో 'వడుగప్పఱై' అనే వాద్యం ఒకటి. వడుగులంటే తెలుగువారే కనుక ఈ పదం మన వాద్య చరిత్రకారులకూ పనికివస్తుంది.

స్పెయిన్ నుంచి 1492లో బహిష్కృతులైన యూదుల సంతతివారు 16వ శతాబ్దంలో కొచ్చిన్ చేరారు. 1568లో మట్టాంచేరిలో సమాజమందిరం నిర్మించుకున్న వీరు 'పరదేశులు'. పూర్వం నుంచీ ఉన్నవారు 'మలబారీలు'. ఇరువర్గాల మాతృభాష మలయాళమే అయినా పరదేశులు మలబారీలతో వియ్యమందలేదు. దాస్యవిముక్తుల సంతతికైతే పరదేశి మందిరంలో తోరా పఠించే అర్హత కూడా లేదు. ఆ సంతతికే చెందిన న్యాయవాది ఎ.బి. సేలం గాంధేయ పద్ధతిలో మందిరంలోనే సత్యాగ్రహం చేసి ఈ ఆంక్షలను క్రమంగా సడలింపజేశారు. కుల వ్యవస్థ తనలోకి వచ్చిన మతాన్ని ఎంతగా మలచుకోగలదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అరుదు.

స్వాతంత్ర్యం నాటికి మొత్తం జనాభా సుమారు 2,500. అందులో పరదేశులు 100కు అటూఇటూ. ఇంత చిన్న వర్గం తనలోనే సంబంధాలు వెతుక్కోవటంతో అవివాహితులు మిగిలిపోయారు. మలబారీలు 1953–55 మధ్య దాదాపు మూకుమ్మడిగా తరలివెళ్లారు. వారిని తరిమినది పీడన కాదు, పవిత్రభూమిపై మతపరమైన ఆకాంక్ష. మాళ గ్రామంలోని తమ మందిరాన్ని 1955లో పంచాయతీకి అప్పగించారు. ఆస్తులూ వ్యాపారాలూ ఉన్న పరదేశులు ఆలస్యంగా కదిలారు. 1968లో వారి మందిర చతుశ్శతాబ్ది ఉత్సవాలకు ప్రధాని ఇందిరాగాంధీ హాజరయ్యారు. తరువాతి దశాబ్దాలలో సామూహిక ప్రార్థనకు అవసరమైన పదిమంది వయోజన పురుషులు సమకూడటమే కష్టమై, సందర్శకులుగా వచ్చిన యూదులపై ఆధారపడవలసి వచ్చింది.

పురుషుల ప్రార్థనామందిరాలు పాటించిన ఈ ఎల్లను స్త్రీల పాటలు అంతగా పాటించలేదు. వివాహాలలోనూ పండుగలలోనూ పాడే మలయాళ గీతాలను ఇరువర్గాల స్త్రీలూ నోటుపుస్తకాలలో రాసి భద్రపరిచారు. ఒకే పాట రెండు వర్గాల పుస్తకాలలోనూ కనిపిస్తుంది. స్కరియా జకరియా, ఒఫీరా గామ్లియేల్ హీబ్రూ అనువాదంతో సంకలించిన ఈ పాటలు 2005లో జెరూసలేంలో వెలువడ్డాయి.